దేశాన్ని రెండో స్థానానికి మోసిన నీళ్లు

పెంచిన చేపలూ రొయ్యల లెక్కలో ఇవాళ ప్రపంచంలో చైనాది మొదటి స్థానం, మన దేశానిది రెండోది. 1950-51లో సముద్రమూ నదులూ చెరువులూ అన్నీ కలిపి దేశమంతటా పట్టిన చేపలు ఏడున్నర లక్షల టన్నులు. 2023-24కి అది 184 లక్షల టన్నులైంది. అందులో పదింట మూడు పాళ్లకు దగ్గరగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌దే. ఆ వాటా ఎక్కడ పండుతోందని చూస్తే, చాలా భాగం ఏలూరు, కైకలూరు, ఆకివీడు, గణపవరం, భీమవరం చుట్టుపక్కల పల్లపు భూముల్లోనే. అంటే కొల్లేటి చుట్టూరా.

ఒక దేశం పెద్ద శక్తిగా ఎలా ఎదుగుతుందని అడిగితే మనకు వెంటనే గుర్తొచ్చేవి సైన్యాలు, రాజులు, సామ్రాజ్యాలు. ఈ నేలకు ఆ కథా ఉంది. ఏలూరికి దగ్గర్లో ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగీపురం, శాలంకాయనుల రాజధాని. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యుడు రెండో పులకేశి ఇక్కడికి దండెత్తి వచ్చాడు. ఆ యుద్ధంలో కునాల సరస్సు నీళ్లు నెత్తురుతో ఎర్రబడ్డాయని ఐహొళె శాసనం చెబుతుంది. ఆ కునాలే మన కొల్లేరని చరిత్రకారుల నిర్ణయం. ఆ గెలుపు తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్య వంశం మొదలైంది. నేను చెప్పదలచుకున్నది అదే నీటి ఒడ్డున, మన తండ్రుల కాలంలో, యుద్ధం లేకుండా జరిగిన ఇంకో ఎదుగుదల గురించి. అందులో ముందు వచ్చేది ఒక సూదిమందు, తర్వాత వచ్చేది ఒక ఖాళీ ఎరువుల సంచి.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. చెరువుల్లో పెంచే మన చేపల్లో ముఖ్యమైనవి ఈ మూడు. వీటికొక స్వభావం ఉంది. చెరువులో చక్కగా పెరుగుతాయి, కడుపు నిండా గుడ్లు కడతాయి, కానీ నిలవ నీటిలో ఆ గుడ్లు పెట్టవు. వానాకాలం రావాలి, నదికి ఎర్రనీళ్లు రావాలి, వరద గట్టు దాటి పల్లపు పొలాల మీద పరుచుకోవాలి. అప్పుడే పెడతాయి. కాబట్టి చేపలు పెంచాలనుకున్న మనిషికి పిల్ల కావాలంటే నదే దిక్కు. బెంగాల్లో వరద రోజుల్లో నదిపాయలకు అడ్డంగా సన్నకన్ను వలలు పన్ని, కొట్టుకొచ్చే చేపపిల్లను పట్టి, కుండల్లో పోసి హౌరా స్టేషన్‌కు తెచ్చేవారు. అక్కడి నుంచి రైళ్లలో దేశం నలుమూలలకూ వెళ్లేది. దారి పొడవునా మనిషి పక్కన కూర్చుని కుండను కుదుపుతూ ఉండాలి, లేకపోతే నీటికి గాలి అందక పిల్ల చచ్చిపోతుంది. అంత కష్టపడి తెచ్చిన పిల్లలో ఏది ఏ జాతిదో ఎవరికీ తెలియదు. బొచ్చె అనుకుని చెరువులో వదిలితే, అందులో కలిసిపోయి వచ్చిన వాలుగ పిల్లలు ఎదిగి మిగిలినవాటిని తినేసేవి. విత్తనం ఏమిటో తెలియకుండా చేసే సేద్యం ఎక్కడైనా ఎంతకని పెరుగుతుంది?

ఈ ముడి విప్పినవాడు హీరాలాల్ చౌధురి. 1921లో సిల్హెట్ ప్రాంతంలో పుట్టిన బెంగాలీ. కటక్‌లో కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ విభాగంలో పనిచేసేవాడు. చేప తలలో, మెదడు కింద, ఆవగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. పీయూష గ్రంథి. గుడ్లు పెట్టమని శరీరానికి కబురు పంపేది అదే. నది వరద చేసే పనల్లా ఆ గ్రంథిని మేల్కొలపడం. మరి వరద లేకుండా ఆ కబురు మనమే పంపితే? ఈ ఆలోచన చౌధురి ఒక్కడిదే కాదు. 1930ల్లోనే అర్జెంటీనాలో, బ్రెజిల్లో ఆ దారిన ప్రయోగాలు జరిగాయి. బ్రెజిల్ వాళ్లు తమ నదుల చేపల మీద గెలిచారు కూడా. మన దగ్గర బొచ్చె, శీలావతి జాతుల మీద అంతకుముందు చేసిన ప్రయత్నాలు పనికొచ్చే ఫలితమివ్వలేదు.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో అది కుదిరింది. చౌధురి, ఆయన పై అధికారి కె.హెచ్. అలికున్హి కలిసి చేసిన పని అది. ఎదిగిన చేపల తలల నుంచి గ్రంథులు తీసి, ఆల్కహాల్‌లో నిలవ చేసి, నీటితో నూరి, తేర్చిన ద్రావణాన్ని తల్లి చేప తోక మొదట్లో సూదితో ఎక్కించారు. తల్లిచేపకు కొన్ని గంటల తేడాతో రెండు మోతాదులు, మగచేపకు ఒకటి. తర్వాత రెండింటినీ నీటిలో కట్టిన గుడ్డ తొట్టిలో వదిలారు. తెల్లారేసరికి గుడ్లు. ఇంకో పూట గడిస్తే గుడ్లలోంచి పిల్లలు. నది వరదకు పట్టే తరుణాన్ని మనిషి ఒక రాత్రిలోకి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దేశం ఏటా జూలై 10ని మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నది ఇందుకే.

ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే సంగతి ఇది: ఆ విద్య ఒక ప్రభుత్వ సంస్థలో పుట్టింది, అందుకని దేశమంతటికీ చెందింది. రాష్ట్రాల మత్స్యశాఖలకు చేరింది, ప్రభుత్వ చేపపిల్లల కేంద్రాలకు చేరింది. తాడేపల్లిగూడెం పక్కన బాదంపూడిలో ఉన్న కేంద్రం లాంటివి అట్లా వచ్చినవే. చివరికి చదువు అంతంతమాత్రమైన రైతు చేతికి కూడా వచ్చింది. ఇవాళ కైకలూరు వైపు చేపపిల్లల హేచరీల్లో సూది పట్టుకుని తల్లిచేపలకు మందు ఎక్కించే కుర్రాళ్లు ఏ విశ్వవిద్యాలయంలోనూ చదువుకోలేదు. మందు మారింది. గ్రంథి తీసి నూరే పని పోయి తయారు మందు వచ్చింది. చెయ్యి మాత్రం చౌధురి చూపించిన చోటే పడుతోంది.

విత్తనం దొరికింది. ఇక నేల సంగతి.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మిగిలిపోయిన పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలవలూ డ్రెయిన్లూ వచ్చి ఇందులో కలుస్తాయి. బయటకు పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరే. అది అరవై కిలోమీటర్ల దాకా వంకర్లు తిరిగి సముద్రాన్ని చేరుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక రెండు డెల్టాలూ పచ్చబడ్డాయి. పొలాల్లో మిగిలిన నీళ్లన్నీ కొల్లేటికి వచ్చాయి. గోదావరి జిల్లా అన్నం తిన్న ప్రతి మనిషీ కొల్లేటికి కొంత మురుగు పంపించినవాడే. మురుగు నీటితో పాటు వరదలు. 1960ల్లో మిత్రా కమిటీ వేసి ఈ ముంపు ఎలా తగ్గించాలో చూడమన్నారు. ఆ తర్వాత కూడా ముంపు పోలేదు. వానాకాలపు సార్వా మునగడం ఇక్కడి పల్లపు ఊళ్లలో మామూలు. నీళ్లు వెనక్కి తగ్గాక వేసిన దాళ్వా ఏదైనా చేతికొస్తే అదే ఆ ఏటి తిండి.

సరస్సు లోపలి లంకల్లో బతికే వడ్డీలనే జాలర్లకు ఆ నీళ్లే పొలం. తాటి దోనెలు, వెదురు తడికల మావులు, వలకట్లు. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, జెల్ల, మట్టగిడస. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు చుట్టూ ఊళ్లన్నీ కదిలివెళతాయి. ఇక్కడ పెలికాన్ పక్షులకూ చోటుండేది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రవేత్త కొల్లేటి దగ్గర ఆరేడు గ్రామంలో తాటిచెట్ల మీద గూళ్లు కట్టుకున్న పెలికాన్ల పెద్ద గుంపును చూసి లోకానికి చెప్పాడు. 1970ల్లో ఆ గుంపు ఆ చోటును వదిలిపోయింది. ఈ సంగతి ఇక్కడే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత వచ్చే లెక్కల్లో దానికి చోటుండదు.

1976 ప్రాంతంలో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేటి పేదలను సహకార సంఘాలుగా కట్టి, ప్రభుత్వ సాయంతో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిది. మునిగే భూమిలో వరి ఎలాగూ నిలవదు, నీటిలో పెరిగేదాన్నే వేసుకుంటే పేదవాడు బతుకుతాడు. సంఘాలకు చెరువులు వచ్చాయి. మేతకూ పిల్లకూ పెట్టుబడి మాత్రం రాలేదు. పెట్టుబడి ఉన్నవాళ్లు వచ్చి లీజుకు తీసుకున్నారు. సభ్యుడికి లీజు డబ్బూ, గట్టు మీద కూలిపనీ మిగిలాయి. కొల్లేటి తర్వాతి ముప్పై ఏళ్ల కష్టాలన్నిటికీ మొదలు ఇక్కడే ఉందని నేననుకుంటాను.

లీజుదారూ, పక్క ఊళ్లలో వరి పొలాన్ని చెరువు చేసిన రైతూ కలిసి 1980ల్లో చేసిన పని మాత్రం చిన్నది కాదు. నల్లరేగడి నేల, ఒకసారి నీళ్లు పెడితే ఇంకిపోదు. గోదావరి, కృష్ణా కాలవలు ఏడాదిలో చాలా నెలలు పారతాయి. రెండు మూడు అడుగుల మట్టి తీసి చుట్టూ గట్టు వేస్తే చెరువే. పది ఎకరాలది చిన్నది, వంద ఎకరాలదీ ఉంటుంది. తొలినాళ్లలో పిల్ల కలకత్తా నుంచే వచ్చింది. అప్పుడు ప్రభుత్వ శాస్త్రవేత్తలు దేశమంతటికీ చెప్పిన పాఠం ‘మిశ్రమ చేపల పెంపకం’. మన జాతులు మూడు, బయట నుంచి తెచ్చిన వెండిచేప, గడ్డిచేప, బంగారు తీగ మూడు, మొత్తం ఆరు రకాలు ఒకే చెరువులో. ఒకటి పైనీటి పాచి తింటుంది, ఒకటి గడ్డి తింటుంది, ఒకటి అడుగున వెతుక్కుంటుంది. చెరువులో ఏదీ వృథా పోదు. శాస్త్రం ప్రకారం అది సరైన మాటే.

కొల్లేటి రైతు ఆ పాఠం విని, తన లెక్క తాను వేసుకున్నాడు. చేప కొనేది ఎవరు? కలకత్తా. కలకత్తా తినేదేమిటి? శీలావతి, బొచ్చె. వెండిచేప, గడ్డిచేప ధర పలకవు, మంచులో వేసి అంత దూరం పంపితే నిలవవు. కాబట్టి చెరువులో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు శీలావతి, మిగిలింది బొచ్చె. అంతే. పుస్తకంలో ఉన్న ఆరింటిని రెండు చేసుకున్నాడు. పెంచే పద్ధతిని కూడా మార్చాడు. వేలెడంత పిల్లను నేరుగా చెరువులో వదిలితే సగం పక్షుల పాలు, పాముల పాలు. అందుకని పిల్లను చిన్న నర్సరీ చెరువుల్లో ఒత్తుగా వేసి, మేత తక్కువ పెట్టి, ఏడాది దాకా ఎదగనీకుండా ఆపాడు. అట్లా ఆపిన చేపను పెద్ద చెరువులోకి మార్చి కడుపు నిండా మేత పెడితే, ఆగిపోయిన ఎదుగుదల అంతా ఒక్కసారి తీర్చుకున్నట్టు పెరుగుతుంది. మేత దొరకని కాలంలో ఆగి, దొరికినప్పుడు వేగంగా పెరగడం నది చేపల స్వభావంలో ఉన్నదే. రైతు దాన్ని గమనించి వాడుకున్నాడు. శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టి వివరం రాసింది తర్వాత.

ఇక సంచి. ఈ మొత్తం కథలో నేను ఎక్కువసేపు నిలబడి చూడాలనుకునేది ఇక్కడే.

చేపకు మేత తవుడు. డెల్టాలో ధాన్యం ఉంది, తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం వైపు రైస్ మిల్లులున్నాయి. మిల్లులో బియ్యం ఒక పక్క, తవుడు ఒక పక్క. తవుడులోంచి నూనె తీసే ఫ్యాక్టరీలు వచ్చాయి. నూనె పోగా మిగిలిన పొడి తవుడును రైతులు డీఓబీ అంటారు. చవక. దాంట్లో వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపితే చేపకు మంచి తిండి. కానీ ఆ పొడిని చెరువులోకి చల్లితే గాలికి కొంత పోతుంది, నీటి మీద కొంత తేలి గట్టుకు కొట్టుకుపోతుంది, మిగిలింది అడుగుకు దిగి కుళ్లి నీళ్లు చెడగొడుతుంది. చేప తిన్నదెంతో చెరువు తిన్నదెంతో తెలియదు. ముద్దలు చేసి వేస్తే కరిగిపోతాయి.

అప్పుడు ఎవరో ఒక రైతు, ఎవరన్నది ఎక్కడా రాసి లేదు, ఎరువులొచ్చిన ఖాళీ ప్లాస్టిక్ సంచి తీసుకుని అడుగు వైపు వరసగా చిల్లులు పొడిచాడు. అందులో మేత నింపాడు. చెరువులో వెదురు కర్ర పాతి, సంచి సగం నీటిలో మునిగేట్టు కట్టాడు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర నోరు పెట్టి పీల్చడం నేర్చుకున్నాయి. కావలసినంత పీల్చుకుంటాయి, మిగిలింది సంచిలోనే ఉంటుంది. హెక్టారుకు ఇరవై పాతిక సంచులు. పొద్దున్నే తెప్ప మీద వెళ్లి సంచులు నింపి వస్తారు. రెండు మూడు గంటల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తారు. సంచి ఖాళీ అయితే చేప ఆరోగ్యంగా ఉన్నట్టు, రేపు కాస్త పెంచొచ్చు. మేత మిగిలితే ఏదో తేడా ఉన్నట్టు, నీళ్లు చూడాలి, చేపను పట్టి మొప్పలు చూడాలి. బురద నీటి అడుగున కంటికి కనిపించని మందకు ఒంట్లో ఎలా ఉందో ఆ సంచి ప్రతిరోజూ చెబుతుంది. కొలతా అదే, వైద్యుడూ అదే. ఖర్చు దాదాపు సున్నా.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్లు తర్వాత వచ్చి ఈ సంచి మేత పద్ధతిని పరిశీలించి నివేదికలకు ఎక్కించారు. అంతకు చాలాకాలం ముందే ఇది చెరువు నుంచి చెరువుకు, ఊరి నుంచి ఊరికి మాట మీదే పాకిపోయింది. 1970ల మొదట్లో దేశంలో మామూలు చెరువు హెక్టారుకు ఏడాదికి ఆరు వందల కిలోల చేప ఇచ్చేది. కొల్లేటి చుట్టుపక్కల చెరువులు ఎనిమిది టన్నులూ, అంతకు మించీ ఇచ్చాయి. పరిశోధనశాలలో పుట్టిన సూదిమందు లేకపోతే ఈ సంచికి పని ఉండేది కాదు. ఈ సంచి లేకపోతే ఆ సూదిమందు పుట్టించిన కోట్ల పిల్లలకు తిండి దొరికేది కాదు. చౌధురి పేరు మత్స్యశాస్త్రపు పాఠ్యపుస్తకాల్లో ఉంది. రైతు పేరు ఎక్కడా లేదు. ఉండవలసింది.

పండిన చేప ఎక్కడికి పోవాలి? ఇక్కడివాళ్లకు ఆ రోజుల్లో చెరువు చేప మీద పెద్ద మోజు లేదు. చేప లేకపోతే ముద్ద దిగని జనం తూర్పున ఉన్నారు. ఆకివీడు, కైకలూరు, నారాయణపురం, ఏలూరు దారుల్లో ఐసు ఫ్యాక్టరీలు లేచాయి. తెల్లవారుజామున పట్టుబడి, గట్టు మీదే తూకం, ప్లాస్టిక్ పెట్టెల్లో ఒక వరస చేప ఒక వరస పొడి ఐసు, సాయంత్రానికి లారీ. దాదాపు పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలో హౌరా. అక్కడి నుంచి అస్సాం, త్రిపుర, ఇంకా పైకి. ఒకనాడు హౌరా స్టేషన్ నుంచి కుండల్లో పిల్ల వచ్చిన దారినే, ఇప్పుడు కిలో రెండు కిలోల చేప లారీల్లో తిరిగి వెళ్లింది. బెంగాలీ మార్కెట్లో ‘ఆంధ్రా చేప’ అనేది ఒక సరుకు పేరైపోయింది. ఆ పేరుకు దెబ్బ తగిలిన రోజులూ ఉన్నాయి. 2018లో చేప చెడకుండా ఫార్మలిన్ కలుపుతున్నారన్న ఆరోపణతో అస్సాం కొన్నాళ్లు బయటి చేపను ఆపింది. మరుసటి ఏడాది మొదట్లో పాట్నాలోనూ ఆపారు. వేల కుటుంబాల బతుకు ఒక నమ్మకం మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ నమ్మకాన్ని కాపాడుకోవడం మేత కంటే ముఖ్యం.

రొయ్య కథ వేరే. అది సముద్రం వైపు నుంచి వచ్చింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య డబ్బు చూపించింది. 1994-95లో తెల్లమచ్చల రోగం వచ్చి అదే వేగంతో ముంచింది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర జలచరాల పెంపకానికి చట్టమూ ప్రాధికార సంస్థా వచ్చాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి ఇచ్చారు. వనామీ పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం. రోగాలు లేని తల్లి రొయ్యలను తయారు చేసిన చోటు హవాయి. అవి విమానంలో చెన్నై వచ్చి, అక్కడ క్వారంటైన్‌లో పరీక్షలు దాటి, తీరంలో హేచరీలకు చేరి, పిల్లగా మారి భీమవరం, ఆకివీడు చెరువులకు వస్తాయి. పెరిగాక తల తీసి, గడ్డకట్టించి, అమెరికా వెళతాయి. ఆ ప్రాసెసింగ్ ప్లాంట్లలో చల్లటి గదుల్లో నిలబడి రొయ్య వలిచే పని ఎక్కువగా మన పల్లెల ఆడవాళ్లదే. 2023-24లో దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 60 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో గడ్డకట్టించిన రొయ్యలే 40 వేల కోట్లు.

ఇంత ఎత్తుకు ఎక్కిన వ్యాపారం ఒక్క కొనుగోలుదారు మీద ఎంత ఆధారపడిందో 2025 ఆగస్టులో తెలిసింది. అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి గోదావరి జిల్లా గట్టు మీద ధర పడిపోయింది. మరో పక్క ఈక్వెడార్, పెద్ద రొయ్యల దేశంగా మనల్ని దాటి ముందుకు పోయింది. ప్రపంచశక్తి అంటే మన ధర మనం చెప్పగలగడం అయితే, మనం ఇంకా అక్కడికి చేరలేదు. కొల్లేటి శీలావతికి ఆ బాధ లేదు. దాని సంత ఈ దేశంలోనే ఉంది, తినేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. రొయ్యను కూడా మన ఊరి వంటింట్లోకి తెచ్చుకోగలిగితే ఈ రైతుకు అంతకు మించిన రక్షణ ఇంకొకటి ఉండదు.

2022లో ప్రపంచ చరిత్రలో మొదటిసారి, సముద్రాల్లో నదుల్లో పట్టిన చేపల కంటే పెంచిన చేపలూ రొయ్యలూ ఎక్కువయ్యాయి. వేటకు కాలం పోయి సేద్యం వచ్చిందన్నమాట. నేల మీద వేల ఏళ్ల క్రితం జరిగిన మార్పు నీటిలో మన కళ్ల ముందు జరిగింది. ఆ మార్పులో ముందు వరుసన నిలబడ్డ నేల మనది. ఇది గర్వించదగ్గ విషయం. గర్విస్తూనే, దీనికి ఎవరు ఏం చెల్లించారో కూడా చెప్పాలి.

చెల్లించింది కొల్లేరు. చుట్టూ పొలాల్లో మొదలైన చెరువులు క్రమంగా సరస్సు లోపలికి నడిచాయి. నీళ్లు పరుచుకోవాల్సిన చోట గట్లు లేచాయి. చెరువుల నుంచి వదిలిన మురుగు, కోళ్ల ఎరువు, మందులు సరస్సులోకి దిగాయి. దోనె వేసుకుని వెళ్లే దారి మూసుకుపోయింది. లంక ఊళ్లలో చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి బిందెడు దొరకని స్థితి వచ్చింది. 1999లో ప్రభుత్వం సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు దాకా, అంటే ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. అభయారణ్యం లోపలి గట్లను యంత్రాలు పెట్టి, పేలుడు పదార్థాలు పెట్టి కొట్టేశారు. సరస్సు మళ్లీ ఊపిరి పీల్చుకుంది. కానీ గట్టుతో పాటు కూలి పోయిన పేదవాడికి వేరే బతుకు చూపించే పని వెనకబడింది. 2008లో హద్దును మూడో కాంటూరుకు తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. ఆ కొట్లాట ఇప్పటికీ తెమలలేదు. చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది అందరికీ తెలుసు. ఆ నీళ్లు చివరికి చేరాల్సిన చోటు కొల్లేరే. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదుగా పారాయి, లంకలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వచ్చిన నీళ్లను పట్టుకోవడానికి సరస్సుకు చోటు లేదు, పంపడానికి ఉప్పుటేరు పూడికతో నిండి ఉంది. వేసవిలో అదే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగువకు వస్తోంది. ఉప్పు చేరిన నీటిలో శీలావతి సరిగా పెరగదు. సరస్సు చెడితే మొదట నష్టపోయేవాడు చెరువు రైతే. ఈ మాట పర్యావరణవాది చెబితే రైతుకు కోపం వస్తుంది కానీ, ఇది రైతు లాభనష్టాల లెక్కలోని మాటే.

ఆటపాక చెరువు దగ్గర పెలికాన్లు మళ్లీ గూళ్లు కడుతున్నాయి. కైకలూరు పక్కనే. అటవీశాఖ పాతిన స్తంభాల మీద, చెట్ల మీద. వదిలిపోయిన పక్షులు చోటిస్తే తిరిగి వస్తాయి.

ఏలూరు, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల చేపల రైతులకూ, వాళ్ల ఓట్లతో గెలిచే ప్రజాప్రతినిధులకూ నా విన్నపం ఒకటే. ఐదో కాంటూరు లోపల చెరువులు వద్దు. పట్టా ఉన్నవాడి భూమికి న్యాయమైన ధర కట్టి ఇవ్వండి. సరస్సులో చేప పట్టే హక్కు ముందుగా లంకల్లోని వడ్డీలకు రాసివ్వండి. ఉప్పుటేరు పూడిక తీయించండి. చెరువు నీటిని శుభ్రం చేయకుండా కొల్లేట్లోకి వదలొద్దు. దేశాన్ని రెండో స్థానంలో నిలబెట్టడానికి కావలసిన భూమి కాంటూరు బయట సరిపడా ఉంది.